అల్లుడు గారు కోసిన గాడి

నా పది వేళ్ళూ నాకున్నాయి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే రంపం మిషను, కొత్త అల్లుడు, ఫిజిక్సు లెక్చరరు, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే చదివేవాళ్ళు గబగబా చివరి పేజీకి పోయి రక్తం కోసం వెతుకుతారు. రక్తం లేదు. చిందినవల్లా కూజాడు నీళ్ళు, పళ్ళెం నిండా కాజాలు, నా పరువు. మొదటి రెండూ ఆ పూటే తుడిచేశారు. మూడోది మాత్రం రాజమండ్రిలో మా మావగారి హాల్లో గోడకి ఆనుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, ఇప్పటికీ నిలబడి ఉంది.

తొంభైల మాట. నాకు పెళ్ళై నెలన్నర. రామచంద్రపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నేను చెప్పేవాణ్ణి అన్నంత వరకూ నిజం, అది ఎవరికైనా చేరేదో లేదో నాకు తెలియదు. మావగారిది కలప అడితి. ఇల్లు ముందు కట్టి దాని వెనక అడితి పెట్టారో, అడితి పెట్టి దుంగల మధ్య ఖాళీ ఉందని ఇల్లు కట్టారో చెప్పడం కష్టం. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు చెక్కని వాసన చూసి దాని వయసు చెప్పగలరు. నేను చెక్కని చూసి అది చెక్క అని చెప్పగలను, అదీ పక్కనెవరైనా అవునంటే.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఒక మహాకార్యం నడుస్తోంది. మా అత్తగారి పెళ్ళికి వాళ్ళ నాన్నగారు ఒక పింగాణీ టీ సెట్టు ఇచ్చారు. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, కొంగ మెడలాంటి ముక్కున్న కెటిలు. అంచుకి సన్నటి బంగారు గీత. పగిలిపోతాయేమోనన్న భయంతో ఆవిడ వాటిని ట్రంకుపెట్టెలో ఊక పోసి పాతిపెట్టారు. అద్దాల బీరువా చేయించాక బయట పెట్టుకుందామని మావగారు మాట ఇచ్చారు. ఇచ్చి ఇరవై ఆరేళ్ళయింది. అడితి ఉన్న ఇంట్లో ఊరందరికీ బీరువాలు తయారవుతాయి గాని సొంత బీరువాకి ముహూర్తం రాదు.

చివరికి వచ్చింది. ఎప్పుడో గోదారి వరదకి కొట్టుకొచ్చిన టేకు దుంగలోంచి కోసిన చెక్కలు రెండు అటక మీద మిగిలాయి. నల్లగా, నిగనిగలాడుతూ, ముట్టుకుంటే నూనె అంటుతుందేమో అన్నట్టుండేవి. వాటికోసమే మావగారు ఇన్నేళ్ళూ ఆగారట. ఒకటి బీరువాకి పై చెక్క, ఇంకొకటి కింది చెక్క. మిగతా పనంతా వీర్రాజు మేస్త్రి చేసేశాడు. పక్క చెక్కలు, అరలు, నున్నగా చెక్కిన నాలుగు కాళ్ళు, నెత్తిన పెట్టడానికి ఎదురెదురుగా కూర్చున్న రెండు చిలకలు. ఇక మిగిలిందల్లా ఆ రెండు టేకు చెక్కల్లో అద్దాలు జరగడానికి గాడులు తీయడం, అన్నీ కలిపి బిగించడం.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది. మా బావమరిది శ్రీను అప్పటికే అడితి వ్యవహారాలు చూసుకుంటున్నాడు. పెరుగు కలుపుకుంటూ, "బావగారికి రంపం మీద మంచి పట్టుంటుందండి. పుస్తకంలో బొమ్మ ఉంటాది కదా," అన్నాడు.

నవ్వి ఊరుకోవలసిన మాట. నేను మాత్రం విస్తరి మీంచి లేచి, కోర్టులో వాంగ్మూలం ఇచ్చినట్టు, "ఆ గాడులు నేనే కోస్తాను," అన్నాను.

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

"మీకెందుకు బాబూ శ్రమ," అన్నారు మావగారు.

"శ్రమేముందండి."

"దుమ్ము లేస్తుంది."

"లేవనివ్వండి."

ఇక ఆయనకి ఎదురు చెప్పే దారి లేదు. మా గోదావరి జిల్లాల్లో అల్లుడి మర్యాదలు మీరు వినే ఉంటారు. మా అత్తవారిది అందులోనూ పై క్లాసు. కొత్త అల్లుడు చంద్రుడి మీద వరి నాటతానంటే, ఆకుమడికి విత్తనాలు ఎన్ని బస్తాలు నానబెట్టమంటారు అని అడిగే కుటుంబం అది.

రంపం మిషను అడితి షెడ్డులో ఉంది. నడుమెత్తు ఇనుప బల్ల, మధ్యలో సన్నటి చీలిక, అందులోంచి పళ్ళ చక్రం ఉదయిస్తున్న సూర్యుడిలా కాస్త పైకి తేలి ఉంది. స్విచ్చి వేస్తే ఆ సూర్యుడు అరుస్తాడు. దాని ముందు నలభై ఏళ్ళు నిలబడి పది వేళ్ళూ మిగుల్చుకున్న మనిషి వీర్రాజు మేస్త్రి. అది చిన్న సంగతి కాదు. ఆ షెడ్డులో మిగతావాళ్ళు నమస్కారం పెడితే వేళ్ళ సందుల్లోంచి గాలి ధారాళంగా వచ్చేది.

"బాబుగారండి," అన్నాడు మేస్త్రి. "చెక్కని రెండు ముక్కలు చేసేటప్పుడు చక్రం కనపడతాదండి. కనపడితే మనిషికి భయముంటాది. గాడి తీసేటప్పుడు చక్రం చెక్క కిందే ఉండిపోతాది. పైన చూస్తే ఉత్తినే జారతన్నట్టుంటాది. ఏం లేదు కదాని చెయ్యేసుకుంటాం. చెక్క అయిపోయాక చక్రం బయటికొస్తాదండి. అప్పటికి మన చెయ్యి అక్కడే ఉంటాది."

"ఉంటే?"

"ఆ తరవాత ఉండదండి."

నేను జేబులోంచి చిన్న పుస్తకం తీశాను. నవ్వకండి, నిజంగానే తీసి రాసుకున్నాను. ఉంగరాలూ వాచీ తీసెయ్యాలి. కండువా ఉండకూడదు. పంచె ఎగ్గట్టాలి. చెక్కకి సూటిగా వెనకాల నిలబడకూడదు, పక్కకి ఉండాలి. చేత్తో కాదు, కర్రతో నెట్టాలి. గాడి ఎంత లోతో చక్రం అంతే పైకి ఉండాలి. ముందు పనికిరాని ముక్క మీద కోసి చూడాలి. ఆపాక కూడా చక్రం తిరగడం మానేదాకా దాని జోలికి పోకూడదు. మిషను ఆడుతుంటే ఎవరు పిలిచినా పలకకూడదు.

కొత్త అల్లుడి ఒంటి మీద తీయవలసినవి చాలా ఉంటాయి. ఉంగరం, గొలుసు, బ్రేస్‌లెట్టు, వాచీ, జరీ కండువా, అన్నీ అత్తవారు పెట్టినవే. ఒక్కొక్కటీ తీసి, వలిచిన మొక్కజొన్న పొత్తులా నిలబడి, మూట కట్టి శ్రీనుకిచ్చాను. "ఇంట్లో ఇచ్చెయ్యండి," అన్నాను.

ఆ మహానుభావుడు అక్షరాలా అదే చేశాడు. మూట తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెట్టి, "బావగారు అన్నీ తీసి ఇచ్చేశారమ్మా," అని చెప్పాడు. ఆ పూట భోజనంలో నేను పనసపొట్టు కూర మూడోసారి వద్దన్నాను. అత్తగారు ఆ కూరనీ ఈ మూటనీ కలిపి చూసుకున్నారు. అల్లుడు అలిగాడు.

మా వైపు అల్లుడి అలకంటే ఉప్పాడ తీరంలో తుఫాను హెచ్చరిక లాంటిది. రెండు నిమిషాల్లో మావగారు చెప్పులు లేకుండా షెడ్డుకి పరిగెత్తుకొచ్చారు.

"ఏం లోటు జరిగింది బాబూ?"

"ఏమీ లేదండి."

"ఏమీ లేదంటే చాలా ఉన్నట్టే. గొలుసు సన్నంగా ఉందా?"

"గొలుసు బాగుందండి. ఇదంతా వేళ్ళ కోసమండి."

మావగారు వెనక్కి తిరిగి, గుమ్మం చాటున నిలబడ్డ అత్తగారితో మెల్లగా, "ఉంగరం ఒక్కటే పెట్టాం. వేళ్ళన్నిటికీ అనుకున్నారు కాబోలు," అన్నారు.

అప్పుడు మా ఆవిడ సుజాత వచ్చింది కాబట్టి సరిపోయింది. "నాన్నా, రంపం దగ్గర ఉంగరాలు ఉండకూడదని మీరే కదా గోడ మీద రాయించారు."

"అది పనివాళ్ళకమ్మా. అల్లుళ్ళకి కాదు."

ఎలాగో ఆ తుఫాను తీరం దాటింది. అలగలేదని రుజువుగా పళ్ళెం నిండా మడత కాజాలు వచ్చాయి, షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాయి. ఒకటి తిన్నాక పని మొదలుపెట్టాను.

ముందు పనికిరాని ముక్క. పక్కకి నిలబడ్డాను. కర్ర పట్టుకున్నాను. స్విచ్చి వేశారు. ముక్క జారుతోంది, నిజంగానే కింద ఏమీ లేనట్టు, వెన్న మీద గరిట నడిచినట్టు. నాకు గర్వం మెడదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు గదిలోంచి మావగారు కేకేశారు.

"బాబూ, కాఫీ తెమ్మంటారా, సోడాలో నిమ్మకాయ పిండమంటారా?"

మావగారు పిలిస్తే పలకకపోవడం ఎలా? మెడ తిప్పి, "ఏదైనా ఫరవాలేదండి," అన్నాను. మెడతో పాటు భుజం తిరిగింది. భుజంతో కర్ర, కర్రతో ముక్క తిరిగాయి. చక్రానికి ఆ ముక్క మీద కోపం వచ్చింది. పట్టుకుని విసిరింది.

ఆ ముక్క నా పక్కనుంచి పోతున్నప్పుడు వచ్చిన గాలికి నా చొక్కా ఊగింది. ఆ ముక్కే స్టూలు మీది పళ్ళేన్ని లేపింది. కాజాలు కొలువు తీరిన నక్షత్రాల్లా ఆకాశానికి లేచాయి. ముక్క అక్కడ ఆగకుండా, అపాయింట్‌మెంటు ఉన్నట్టు నేరుగా ఆఫీసు గదిలోకి పోయి, మావగారి బల్ల పక్కనున్న మట్టి కూజాని పలకరించింది.

మోటారు ఆగింది. కూజా నీళ్ళు గుమ్మం దాటి మెల్లగా మా కాళ్ళ దాకా వచ్చాయి. వాటి వెనకాలే మావగారు వచ్చారు.

"పాత కూజా బాబూ. తీసేద్దామనే అనుకుంటున్నాం."

"నిన్ననే కొన్నాం నాన్నా," అన్నాడు శ్రీను.

"నిన్నటిది ఇవాళ్టికి పాతది కాదా?"

మేస్త్రి నా చెవి దగ్గరకొచ్చి, "పక్కకి నిలబడ్డారు కాబట్టి కూజా పోయిందండి. ఎనకాల నిలబడి ఉంటే కూజా ఉండేదండి," అన్నాడు. ఆ మాట అర్థమయ్యాక ఇంకో కాజా తినవలసి వచ్చింది, నేల మీదిదే.

ఇక అసలు చెక్కలు. మేస్త్రి వాటిని పసిబిడ్డల్లా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పై చెక్కకి గాడి లోతండి, అరంగుళం. కింది చెక్కకి పైపైనండి, గోరు దిగితే చాలు."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు, నాకు మనశ్శాంతి ఉండేది. నేను నవ్వాను. క్లాసులో వెనక బెంచీ కుర్రాడు తప్పు జవాబు చెబితే నవ్వే నవ్వు.

"మేస్త్రి గారూ, అద్దం బరువు ఎటు పోతుంది?"

"కిందికండి."

"మరి గట్టిగా పట్టుకోవలసింది ఎక్కడ?"

మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"కరెంటు స్తంభాన్ని కింద పాతుతామా, పైన పాతుతామా? కాబట్టి కిందిది లోతు, పైది పైపైన. దీన్నే స్థిరత్వం అంటారు."

మేస్త్రి మావగారి వైపు చూశాడు. మావగారు షెడ్డు రేకుల్లో ఏదో వెతుకుతున్నారు. శ్రీను తన చెప్పుల్ని కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు. షెడ్డులో ఉన్న పదకొండుమందీ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెక్కతో బతికినవాళ్ళు. పదకొండుమందికీ తెలుసు.

"ఆయ్," అన్నాడు మేస్త్రి. "తమరు చదువుకున్నోరండి."

కోశాను. రాసుకున్న రూళ్ళలో ఒక్కటి తప్పలేదు. మావగారు ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపాను కూడా. ఒక్కో చెక్కకి రెండేసి గాడులు, ముందు అద్దానికొకటి, వెనక అద్దానికొకటి. ఒక్కో గాడికి రెండుసార్లు నెట్టాను. గీత గీసినట్టు వచ్చాయి. వాటిలో చీమని వదిలితే దారి తప్పకుండా కాకినాడ దాకా పోతుంది. అంత జాగ్రత్తగా, అంత క్షేమంగా, అంత తప్పు పని లోకంలో ఇంకెవరూ చేసి ఉండరు.

ఆ సాయంత్రం సుజాత మూట విప్పి ఉంగరం నా వేలికి తొడుగుతూ, "తిరగేసి కోశారండి," అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పరు. అదే బాధ. అమ్మ ఊకలోంచి కప్పులు తీసి కడిగేసింది. ఆదివారం అద్దాల్లో పెడతానని వీధంతా చెప్పుకొచ్చింది. నాన్నకి ఒక్క మాట చెప్పండి, మేస్త్రి సరిచేస్తాడు."

"సుజాతా, గురుత్వాకర్షణ అనేది ఒకటుంది."

"ఉందండి. ఆదివారం కనపడుతుంది," అని దీపం వెలిగించడానికి పోయింది.

శనివారం మేస్త్రి నా దగ్గరకి మూడుసార్లు వచ్చాడు.

"జిగురు పెట్టెయ్యమంటారాండి? పెడితే మరి ఊడదండి."

"పెట్టండి."

గంట తరవాత, "మేకులు కూడా కొట్టెయ్యమంటారాండి?"

"కొట్టండి."

మధ్యాహ్నం, "బిగించేసే ముందు ఇంకోసారి చూసుకుంటారాండి?"

"ఏం చూసుకోవాలి?"

"ఏం లేదండి. ఊరికేనండి."

ఆదివారం హాల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బారులు తీరారు. తెల్ల దుప్పటి మీద ఆరు కప్పులూ ఆరు సాసర్లూ కెటిలూ కూర్చున్నాయి. అత్తగారు ఒక కప్పుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు, హారతి పళ్ళెం పట్టుకున్నట్టు. మేస్త్రి మొదటి అద్దం ఎత్తాడు. కింది అంచు నా లోతైన గాడిలోకి పెట్టాడు. పైఅంచుని పై చెక్క కిందికి తెచ్చి, అద్దాన్ని ఎత్తి, పై గాడిలో తగిలించాడు. చెయ్యి వదిలాడు.

గురుత్వాకర్షణ కనపడింది. అద్దం నా లోతైన గాడిలోకి హాయిగా కూరుకుపోయింది. అది అంత కిందికి దిగేసరికి పైఅంచు పైపైని గాడిలోంచి జారి బయటికొచ్చి, అద్దం కునికిపాటు పడ్డ మనిషిలా ముందుకు ఒరిగింది. మేస్త్రి గుండెలతో ఆపాడు. రెండోసారి పెట్టాడు, మళ్ళీ ఒరిగింది. మూడోసారికి ఆడవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు.

పైది లోతుగా ఉండాలని మేస్త్రి ఎందుకన్నాడో నాకు అప్పుడు తెలిసింది. అద్దాన్ని పై గాడిలోకి బాగా ఎత్తి, అడుగుని కింది గాడిలోకి దించుతారు. దించాక కూడా పైఅంచు పైన ఇంకా మిగిలే ఉంటుంది. అంతే. అందులో ఫిజిక్సు చాలా ఉంది, నా దగ్గరే లేదు.

అత్తగారు చేతిలోని కప్పుని చూసుకున్నారు. "ఊకలోనే బాగున్నాయిలెండి," అన్నారు మెల్లగా. "ఇన్నాళ్ళున్నాయి. ఇంకొన్నాళ్ళుంటాయి." దుప్పటి అంచు మడవడం మొదలుపెట్టారు.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

మేస్త్రి దగ్గాడు. "అయ్యగారండి, ఉలి తెచ్చానండి. పై గాడి లోతు చేసి, కింది దాంట్లో బద్ద ఏస్తే గంట పనండి." జేబులోంచి కొలతకి కోసిన బద్దలు కూడా తీశాడు. శుక్రవారం నుంచీ జేబులోనే ఉన్నాయని వాటి నిగనిగ చెబుతోంది.

మావగారు నిటారుగా లేచారు. "అల్లుడు గారు కోసిన గాడిలో ఉలి పెడతావా వీర్రాజూ? మా ఇంటికొచ్చి మొదటిసారి ఆయన చేత్తో చేసిన పని. ఒక్క పొట్టు లేవడానికి వీల్లేదు."

"మరెలాగండి?"

అందరూ నా వైపు తిరిగారు. చెప్పవలసింది రెండే మాటలు: తప్పు నాది. నోరు తెరిచాను. ఆ రెండు మాటలూ గొంతు దాకా వచ్చి, బయట ఇంతమంది ఉన్నారని చూసి వెనక్కి పోయాయి. వాటి బదులు ఇవి వచ్చాయి:

"అసలు ఈ బీరువాని తిరగేసి పెట్టాలండి. నేను కోసింది ఆ ఉద్దేశంతోనే."

సుజాత నన్ను చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

"ఆయ్," అన్నాడు మేస్త్రి.

నలుగురు కలిసి బీరువాని తలకిందులు చేశారు. చిలకలు నేలకి తగలకుండా అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టారు. కాళ్ళు నాలుగూ సీలింగు ఫ్యాను వైపు చూశాయి. లోతు గాడి పైకి పోయింది, పైపైది కిందికి వచ్చింది. అద్దాలు సర్రున ఎక్కి, కుదురుగా దిగి, వేలితో తోస్తే జరిగాయి. అత్తగారు కప్పులు ఒక్కొక్కటే లోపల పెట్టారు. కెటిలు మధ్యలో. అద్దం మూసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు. ఇరవై ఆరేళ్ళ ఊక ఆవిడ మొహం మీంచి రాలిపోయింది. ఒక నిమిషం పాటు ఎవరికీ కాళ్ళ సంగతి గుర్తు రాలేదు.

నిమిషం అయ్యాక ఎదురింటావిడ అడిగారు. "చిలకలేంటండి, తలకిందులున్నాయి?"

"వడ్లు ఏరుకుంటున్నాయండి," అన్నారు మావగారు, కన్నార్పకుండా. "చిలక తల పైకెత్తుకుని గింజలు తింటుందాండి? మా అల్లుడు గారి డిజైను."

"మరి కాళ్ళో?"

"పూలు పెట్టుకోడానికి."

సాయంత్రానికి ఒక్కో కాలికి ఒక్కో ప్లాస్టిక్ పూలగుత్తి అమరింది.

ఇది ఇక్కడితో ముగిసిందనుకున్నాను. ఏడెనిమిదేళ్ళ తరవాత రామచంద్రపురంలోనే, రిటైరైన ఒక తాసీల్దారు గారి గృహప్రవేశానికి వెళ్ళాను. హాల్లోకి అడుగుపెడితే ఎదురుగా అద్దాల బీరువా. కాళ్ళు పైకి. వాటికి పూలు. అడుగున రెండు చిలకలు, తలకిందులుగా, శ్రద్ధగా వడ్లు ఏరుకుంటున్నాయి.

"చూస్తున్నారా మాస్టారూ," అన్నారాయన. "రాజమండ్రి నుంచి తెప్పించానండి. అల్లుడు గారి మోడల్ అంటారు. వీర్రాజు మేస్త్రని, ఆయన ఒక్కడే చేస్తాడు. దీని కిటుకంతా గాడిలో ఉందిటండి. ఎవరో పెద్ద ఇంజినీరు లెక్కలు కట్టి కోశాడట."

నేను చెయ్యవలసిన పని తెలుసు. కానీ ఆయన మొహం చూశాను. కొత్త ఇల్లు, కొత్త బీరువా, వచ్చిన ప్రతి మనిషికీ చూపించుకుంటున్నారు.

"చిత్తమండి," అన్నాను.

"మీ ఇంట్లో ఉందాండి?"

"ఉందండి. మా ఆవిడ దగ్గరుండి చేయించింది. కాకపోతే పాత మోడలండి. కాళ్ళు కిందికే ఉంటాయి."

"అయ్యో," అన్నారాయన, నిజమైన జాలితో. "మార్పించెయ్యండి మాస్టారూ."

అందుచేత, వీర్రాజు మేస్త్రి దయవల్ల మిగిలిన ఈ పది వేళ్ళ సాక్షిగా, పాఠకులందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ గాడి కోయను. కోసేవాడికి స్తంభాల సంగతి చెప్పను. మేస్త్రి ఎవరైనా "ఇంకోసారి చూసుకుంటారాండి" అంటే చొక్కా చేతులు మడిచి, కళ్ళజోడు తుడిచి, ఇంకోసారి కాదు, ఇరవైసార్లు చూసుకుంటాను.

ఇది చదివి సుజాత, "ప్రమాణాలు తరవాత. ముందు నాన్న దగ్గర తప్పు ఒప్పుకోండి," అంది. ఒప్పుకునేవాణ్ణే. మొన్న అందుకే రాజమండ్రి వెళ్ళాను కూడా. హాల్లో మావగారు ఎవరో చుట్టాలకి చిలకల్ని చూపిస్తూ నన్ను చూసి, "ఇదిగో, వీరేనండి," అన్నారు. నేను వినయంగా నమస్కారం పెట్టాను. పది వేళ్ళతో.